మొగ దగ్గర ఒక ఆదివారం పిట్టలు వందల్లో, తర్వాతి ఆదివారం ఒక్కటీ లేదు, ఎందుకిలా?

వేకువపిట్ట:

నమస్తే అందరికీ. పక్షుల్ని చూడ్డం మొదలెట్టి ఏడాది కూడా కాలేదండి నాకు, ఇన్నాళ్ళూ చెరువుగట్ల మీద కొంగలు, లకుముకి పిట్టలు, నీటికాకులు, మహా అయితే ఒక తీతువు పిట్ట, ఇంతే. సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఉత్తరం నుంచి వలస వచ్చేవి నది సముద్రంలో కలిసే చోట్ల బాగా దిగుతాయని చదివి ఈసారి మొగ దగ్గరికి వెళ్ళా. వరసగా మూడు ఆదివారాలు వెళ్ళా, మూడుసార్లూ పొద్దున్న ఏడింటికల్లా గట్టు మీద ఉన్నా, నిలబడింది కూడా ఒకే చోట.

మొదటి ఆదివారం, అంటే పౌర్ణమి అయిన మర్నాడు, గట్టుకి కాస్త అవతల గడ్డి అంచున ఒక ఇసుక దిబ్బ ఉంది, దాని మీద నాలుగైదొందల పిట్టలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. అన్నీ గాలికి ఎదురు తిరిగి, సగానికి పైగా ముక్కు వీపు ఈకల్లో దూర్చేసి నిద్ర. నాకూ వాటికీ మధ్య డెబ్భై ఎనభై మీటర్లు ఉంటుందేమో, ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నా. రెండో ఆదివారం అదే టైమ్‌కి పోతే దిబ్బ ఉంది పిట్ట లేదు. నీళ్ళు ఎక్కడికో వెనక్కి పోయి కనుచూపు మేర బురద, ఆ బురద చివర్న ఆవాలు చల్లినట్టు ఏవో కదుల్తున్నాయి, బైనాక్యులర్స్‌కి అందలేదు. వలస పిట్టలు కదా దాటిపోయాయి కాబోలు, ఇంక ఏడాది ఆగాలి అనుకుని దిగులుగా వచ్చేశా. మూడో ఆదివారం ఏ ఆశా లేకుండా వెళ్తే మళ్ళీ అదే దిబ్బ మీద అన్నీ ప్రత్యక్షం! వారం విడిచి వారం వస్తాయా ఇవి? మధ్యలో ఎక్కడికి పోతాయి?

ఇంకా అడగాల్సినవి ఉన్నాయి, విడిగా పోస్ట్ పెట్టడం ఎందుకని ఇక్కడే అడుగుతున్నా. గుంపు అంచున పిచ్చుకంత పిట్టలు ఓ పదిహేను, మిగతావి నిద్రపోతుంటే ఇవి మాత్రం బురద మీద ఎలకల్లా పరుగులు తీస్తూ టకటకా పొడుచుకు తింటున్నాయి, కాళ్ళు నలుపు, వీపు మీద తెల్లటి గీతలు రెండు కలిసి వి ఆకారంలో ఉన్నాయి, అవేంటి? ఇంకోటి, కాస్త పెద్ద సైజు బూడిదరంగు పిట్ట ఒకటి ఒంటికాలి మీదే ఉంది, పక్కది తోస్తే ఆ ఒక్క కాలితోనే గెంతుకుంటూ జరిగింది తప్ప రెండోది కింద పెట్టలేదు. రెండు ఆదివారాలూ అలాగే ఉన్నది ఒకటి కనిపించింది, కాలు విరిగిందా అని నాకు మనసులో అదే తిరుగుతోంది. వేరే పిట్ట కాలికి ఏదో రంగు ప్లాస్టిక్ ముక్క ఉంది, చిక్కుకున్న చెత్త అనుకున్నా మొదట, కానీ చాలా నీట్‌గా తొడిగినట్టుంది. తెలిసినవాళ్ళు చెప్పరూ.

ఉప్పుటేరు:

పిట్టలు ఎక్కడికీ పోలేదండి, మీరు వెళ్ళిన టైమ్‌కి నీళ్ళు ఎక్కడున్నాయో చూసుకోలేదు అంతే. మొగ దగ్గర తెల్లారిందా పొద్దుగూకిందా అన్నది ఆ పిట్టలకి రెండో విషయం, పోటా పాటా అన్నదే మొదటిది. పాటు పడి నీళ్ళు వెనక్కి పోతే బురద బయటపడుతుంది, పురుగులూ చిన్న గవ్వలూ పీతలూ అన్నీ ఆ బురదలోనే కాబట్టి పిట్టలన్నీ దాని మీద చెదిరిపోయి నీటి అంచు వెంటే తింటూ పోతాయి, మీరు చూసిన ఆవాలు అవే. పోటు వచ్చి బురద మునిగిపోతే తినడానికి చోటుండదు, అప్పుడు ఆరుగా ఉన్న ఏదో ఒక మిట్ట మీదికి చేరి పోటు తగ్గేదాకా కునుకు తీస్తాయి. రాత్రి పాటు పడితే రాత్రి కూడా తింటాయి, చీకట్లో మొగ దగ్గర నిలబడి వినండి ఒకసారి, బురద మీంచి ఒకటే ఈలలు.

ఇప్పుడు మీ వారాల లెక్క. చాలా తీరాల్లో పోటు రోజుకి రెండుసార్లు, ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఇవాళ పొద్దున్న ఏడింటికి నిండు పోటు ఉంటే రేపు ఏడూ యాభైకి, ఎల్లుండి ఎనిమిదీ నలభైకి, అలా రోజుకి 50 నిమిషాలు ఆలస్యం అవుతూ ఏడు రోజులకి దాదాపు ఆరు గంటలు జరుగుతుంది. సో మీ రెండో ఆదివారం ఏడింటికి పాటు అడుగంటి ఉంటుంది, మూడో ఆదివారానికి రెండో పోటు తిరిగొచ్చి మళ్ళీ ఏడు దగ్గరకొచ్చింది. దానికి తోడు మీ మొదటి ఆదివారం పౌర్ణమి మర్నాడు, మూడోది అమావాస్య దగ్గర. సూర్యుడూ చంద్రుడూ ఒక వరసలో లాగే రోజులు కాబట్టి పౌర్ణమి, అమావాస్యలు దాటిన ఒకటి రెండు రోజులు పోటు బాగా ఎత్తుకొస్తుంది, బురద అంగుళం మిగలదు, పిట్టలన్నీ మీ దిబ్బ మీదికి రాక తప్పదు. మధ్యలో అష్టమి రోజుల్లో పోటుకి జోరుండదు, నిండు పోటులో కూడా కొంత బురద తేలే ఉంటుంది, అందుకని ఆ రోజుల్లో అవి చాలాసార్లు ఒడ్డుకి రానే రావు. ఇంకో చిన్న కిటుకు, ఏ చోటైనా సరే పౌర్ణమి అమావాస్యల పెద్ద పోటు ఎప్పుడూ దాదాపు ఒకే గంటకి వస్తుంది, మీ మొగకి అది పొద్దున్న ఏడు ప్రాంతం అని మీకు తెలియకుండానే దొరికింది, డైరీలో రాసిపెట్టుకోండి, ఏళ్ళ తరబడి పనికొస్తుంది.

వెళ్ళడం ఎప్పుడంటే, నిండు పోటుకి రెండు గంటల ముందే పోయి కూర్చోండి. నీళ్ళు ఎక్కే కొద్దీ బురద సన్నబడుతుంటే పిట్టలు వాటంతట అవే మీ వైపు నెట్టుకుంటూ వస్తాయి, మీరు అడుగు కదపక్కర్లేదు. పోటు తిరిగాక మొదటి గంట కూడా వదలొద్దు, నాకైతే అదే ఎక్కువ ఇష్టం, గడ్డి అంచున మొదటి చారెడు బురద తేలీ తేలగానే ఆకలి మీదున్నవి పరిగెత్తుకుంటూ దిగుతాయి. ఎండ మీ వీపు మీద పడేలా కూర్చోవాలి, లేకపోతే అన్నీ నల్ల బొమ్మలే. పోటు పట్టికలు ఓడరేవుల పేర్లతో దొరుకుతాయి కానీ ఏటి లోపలికి పోయే కొద్దీ పోటు ఆలస్యంగా చేరుతుంది, సముద్రం వైపు నుంచి గాలి గట్టిగా కొట్టినా, నదికి వరద వచ్చినా పట్టికలో రాసిన దానికంటే నీరు పైకెక్కుతుంది. మరీ పెద్ద పోటులో మీ దిబ్బ కూడా మునగొచ్చు, అప్పుడు గట్టుకి లోపలి వైపు మడుగులూ ఉప్పు మళ్ళూ వెతకండి, అక్కడుంటాయి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా, పాటు టైమ్‌లో ఆ చుక్కల్ని చూద్దామని బురదలోకి దిగొద్దు. నేను దిగా ఒకసారి. ఇసుక మేట మీద గట్టిగానే ఉంది కదా అని నడుచుకుంటూ పోయి టెలిస్కోప్‌లో కన్నుపెట్టి కూర్చున్నా, ముందు నీళ్ళు ఎక్కడున్నాయో చూస్తూనే ఉన్నా, కానీ పోటు ముందు నుంచి రాదు, వెనకున్న కాలవల్లోంచి ఎక్కుతుంది. లేచి చూస్తే వచ్చేటప్పుడు చీలమండ లోతు దాటిన కాలవ నడుం దాకా ఉంది, కింద బురద పాదాన్ని వదలట్లేదు. ఎలాగో బయటపడ్డా, ఆ రోజు నుంచి గట్టు దిగలేదు.

రెక్కలచప్పుడు:

టైడ్ గురించి అన్న చెప్పింది కరెక్ట్. నేను ఫోటోలు తీస్తా కాబట్టి నా వైపు నుంచి చెప్తా, నిండు పోటులో నిద్రపోయే గుంపు ఫోటోకి పెద్దగా పనికిరాదు, అవి లేస్తేనే అందం. మోకాళ్ళ మీద మెల్లగా పాకుతూ పోతే ఇరవై మీటర్ల దాకా రానిస్తాయి, ఆ తర్వాత ఒక్కసారి లేస్తే ఆకాశం నిండా రెక్కలే, అప్పుడు బర్స్ట్ కొట్టేయడమే. బైనాక్యులర్ కంటే 600 ఎంఎం జూమ్ లెన్స్ ఉన్న కెమెరా కొనుక్కోండి అని నా సలహా, ఇంటికొచ్చి జూమ్ చేసి తీరిగ్గా పేర్లు కనుక్కోవచ్చు.

మడచెట్టు:

పైన కెమెరా తమ్ముడికి. కోపంతో కాదు, ప్రేమగానే చెప్తున్నా, ఆ పని మానెయ్యి నాన్నా. అవి నీకోసం లేవట్లేదు, భయపడి లేస్తున్నాయి, ఆ లేచిన ప్రతిసారీ ఎంత ఖర్చవుతుందో ఒకసారి ఆలోచించు. ఆ దిబ్బ మీదున్నవాటిలో చాలా భాగం ఆర్కిటిక్ అంచున గుడ్లు పెట్టినవో, అక్కడ పుట్టినవో, వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి ఒంట్లో కొవ్వు కరిగి ఎముకలు తేలి ఉంటాయి, కొన్ని ఇక్కడ ఆగేది రెండు మూడు వారాలే, ఇంకా దక్షిణానికి పోవాలి. పాటు ఉన్న ఆ కొన్ని గంటల్లో తిన్నదే తిండి, పోటులో పడుకున్నదే విశ్రాంతి. గంటకోసారి ఎవరో ఒకరు లేపుతుంటే తిన్నదంతా రెక్కలాడించడానికే సరిపోతుంది. డ్రోన్ ఎగరేసేవాళ్ళకీ, కుక్కని వదిలేసేవాళ్ళకీ, ఫోన్‌లో కూతలు వినిపించి పిలిచేవాళ్ళకీ కూడా ఇదే మాట.

నేనూ లేపినదాన్నే. మొదటి ఏడాది ఇలాగే ఇంకో పది అడుగులు, ఇంకో పది అడుగులు అనుకుంటూ పోయా. గుంపు లేచింది, రెండు చుట్లు తిరిగి దిగబోయింది, నేనింకా అక్కడే నిలబడున్నా కాబట్టి దిగలేక మళ్ళీ తిరిగింది, ఆఖరికి నీళ్ళు దాటి అవతలి ఒడ్డుకి పోయింది. ఒకటి మాత్రం దిబ్బ మీదే ఉండిపోయింది, లేవలేక. రెక్కలు కిందికి వేలాడేసి నోరు తెరుచుకుని చూస్తోంది నా వైపు. ఆ చూపు నేను మర్చిపోలేదు. అప్పట్నుంచి నా లెక్క ఒకటే, తలలు పైకెత్తాయా, మెడలు సాగాయా, ఒకటి రెండు నడక మొదలెట్టాయా, అంటే నేను ఎక్కువ దగ్గరికొచ్చేశానని, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి.

ఎంత దూరం ఎగురుతాయో ఊహకి అందడానికి ఒక్కటి చెప్తా. బార్‌టెయిల్డ్ గాడ్‌విట్ అని పొడుగు ముక్కు పిట్ట, ముక్కు కొస కాస్త పైకి తిరిగుంటుంది. 2022 అక్టోబర్‌లో అలాస్కాలో శాటిలైట్ ట్యాగ్ కట్టిన ఐదు నెలల పిల్ల ఒకటి పసిఫిక్ మీదుగా టాస్మానియా దాకా 13,560 కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా 11 రోజుల్లో వెళ్ళింది. బాతులా నీళ్ళ మీద దిగి సేద తీరే పక్షి కాదది, 11 రోజులూ రెక్క ఆడుతూనే ఉండాలి. బయల్దేరే ముందు ఒళ్ళంతా కొవ్వు పట్టిస్తుంది, దారిలో తిండి ఎలాగూ లేదు కాబట్టి పేగులూ కాలేయం లాంటివి కుంచించుకుపోయి ఆ బరువు కూడా తగ్గించుకుంటుంది. అలా వచ్చి దిగినదాని దగ్గరికి మనం పాక్కుంటూ పోయి హుష్ అనడం ఏం న్యాయం చెప్పు.

వేకువపిట్ట గారూ, ఆ ప్లాస్టిక్ ముక్క చెత్త కాదు, పరిశోధన చేసేవాళ్ళు తొడిగిన ఫ్లాగ్. తూర్పు ఆసియా నుంచి ఆస్ట్రేలియా పోయే వలసదారిలో ఒక్కో ప్రాంతానికీ ఒక్కో రంగుల జత ఇచ్చారు, రంగు చూస్తే చాలు ఎక్కడ తొడిగారో తెలిసిపోతుంది. ఈసారి కనిపిస్తే ఏ కాలికి ఉంది, రంగులేంటి, పైన ఏది కింద ఏది, దాని మీద అక్షరాలేమైనా ఉన్నాయా రాసుకోండి. మనం మోకాలు అనుకునే కీలు నిజానికి వాటి చీలమండ, ఫ్లాగ్ ఆ కీలుకి పైనుందా కిందుందా అన్నది కూడా ముఖ్యమే. రింగులు వేసే సంస్థలకి పంపితే ఎప్పుడు ఎక్కడ వేశారో తిరిగి చెప్తారు. కెమెరా తమ్ముడూ, నీ 600 లెన్స్‌కి అసలైన పని ఇదీ, దూరం నుంచే అక్షరాలు చదవొచ్చు. రెడ్ నాట్ పిట్ట ఒకదానికి 1995లో దక్షిణ అమెరికా చిట్టచివర టియెర్రా డెల్ ఫ్యూగోలో రింగు వేశారు, తర్వాత తొడిగిన ఫ్లాగ్ మీద బి95 అని ఉండేది, 2014 దాకా అది మళ్ళీ మళ్ళీ ఎవరో ఒకరి కంటపడుతూనే వచ్చింది. ఏటా ఆర్కిటిక్‌కీ అక్కడికీ తిరిగిన దూరం లెక్కేస్తే చంద్రుడి దాకా పోయి తిరుగుదారిలో సగం వచ్చేంత అని మూన్‌బర్డ్ అని పిలిచారు. మూడు అక్షరాలున్న ఆ కాలి ముక్క ఎవరూ చదవకపోతే ఈ సంగతి ఎవరికి తెలిసేది?

రెక్కలచప్పుడు:

అక్కా, లేవలేక ఉండిపోయిన పిట్ట సంగతి చదివాక నా ఫోల్డర్‌లో లేచిన గుంపుల ఫోటోలు మళ్ళీ చూశా. నిజంగా ఇది తెలియదు నాకు, ఇంక పాకడం ఉండదు. పాత ఫోటోల్లో జూమ్ చేస్తే మూడింటికి ఫ్లాగులున్నాయి, ఒకదాని మీద అక్షరాలు కూడా చదవగలుగుతున్నా, ఇవాళే పంపిస్తా.

ఉల్లంకి:

పేర్ల సంగతి నేను తీసుకుంటా. ఎలకల్లా పరిగెత్తేవి, నల్ల కాళ్ళు, వీపు మీద తెల్ల వి, పిచ్చుకంత సైజు, ఇన్ని చెప్పాక డౌటే లేదు, లిటిల్ స్టింట్, అదీ ఈ ఏడాది పుట్టిన పిల్లలు. ఇంకాస్త దగ్గరగా దొరికితే కన్ను పైన తెల్ల కనుబొమ్మ చూడండి, ముందువైపు రెండుగా చీలి ఉంటుంది. టెమ్మింక్స్ స్టింట్ అని దీని దాయాది ఉంది, దానికి కాళ్ళు పసుపు, వీపు మీద ఈ వి ఉండదు, బురద మైదానంలో కంటే గడ్డి పక్కన మంచినీటి మడుగుల్లో ఎక్కువ.

పిల్లలని ఎందుకు గట్టిగా అంటున్నానంటే శరదృతువులో పిట్టల్ని చూడ్డంలో సగం రుచి ఇక్కడే ఉంది. ఆర్కిటిక్‌లో గుడ్లు పెట్టే ఉల్లంకి (శాండ్‌పైపర్) జాతుల్లో చాలావాటికి పెద్దవి ముందే బయల్దేరతాయి, జులై, ఆగస్టుల్లోనే దిగడం మొదలు. పిల్లలు అక్కడే ఇంకొన్ని వారాలు తిని బలిసి తర్వాత వాటంతట అవే వస్తాయి, దారి చూపించే అమ్మా నాన్నా లేకుండా, ఎప్పుడూ చూడని చోటికి. కర్లూ శాండ్‌పైపర్‌లో అయితే మగవి గుడ్లు పొదగవు కాబట్టి అవి అందరికంటే ముందు, తర్వాత ఆడవి, ఆఖరున పిల్లలు. మీరు సెప్టెంబర్ మధ్యలో వెళ్ళి ఒకే జాతి పిట్టలు రెండు రకాలుగా కనిపిస్తున్నాయే అనుకుంటే కారణం ఇదే. పెద్దవాటి ఈకలు ఎండాకాలమంతా గూటి దగ్గర అరిగిపోయి అంచులు చిరిగి మచ్చలు మచ్చలుగా ఉంటాయి, పొట్ట మీద ఎరుపు సగం రాలి సగం మిగిలి ఉంటుంది. పిల్లవి కొత్త బట్టలు కట్టుకున్నట్టు ప్రతి ఈకకీ లేత అంచుతో చేప పొలుసుల్లా వరసగా శుభ్రంగా ఉంటాయి. ఆ తేడా ఒక్కసారి కంటికి దొరికితే ఇంక గుంపు గుంపులా కనిపించదు.

అన్నిటి పేర్లూ ఒకేసారి నేర్చుకోవాలని చూడొద్దు, విసుగొచ్చి మానేస్తారు, నేను రెండేళ్ళు అలాగే వృథా చేశా. రంగులు పక్కనపెట్టి తిండి ఎలా తింటోందో చూడండి. ప్లవర్లకి ముక్కు పొట్టి, కళ్ళు పెద్దవి, అవి కంటితో వెతుకుతాయి, అందుకే నాలుగడుగులు పరుగు, టక్కున ఆగడం, చూడ్డం, వంగి పొడవడం, మళ్ళీ పరుగు. డన్లిన్, కర్లూ శాండ్‌పైపర్ లాంటివి తల దించి కుట్టుమిషన్ సూది ఆడినట్టు బురదని కుట్టుకుంటూ పోతాయి, వాటికి ముక్కే చేయి. ముక్కు కొసలో స్పర్శ తెలిసే కణాలు అంత దట్టంగా ఉంటాయి, రెడ్ నాట్ అయితే తడి ఇసుకలో ముక్కు గుచ్చినప్పుడు లోపలున్న గవ్వకి తగిలి మారిన ఒత్తిడిని బట్టి తాకకుండానే పసిగడుతుంది. గాడ్‌విట్ కళ్ళదాకా ముక్కు దించేస్తుంది, పురుగు దొరికితే బురదలో ముక్కంతా తెరవలేదు కదా, కొస మాత్రమే తెరిచి పట్టుకుంటుంది. అల వెనక్కి పోతుంటే దాని వెంట పరిగెత్తి అల తిరిగొస్తుంటే ముందు పరిగెత్తే తెల్లటి పిట్ట శాండర్లింగ్, మిగతా శాండ్‌పైపర్లకి ఉండే వెనక వేలు దానికుండదు. రాయి తిప్పుతున్నా, నాచు దొర్లిస్తున్నా టర్న్‌స్టోన్. కొడవలిలా కిందికి వంగిన పొడుగు ముక్కయితే కర్లూ గానీ వింబ్రెల్ గానీ, తల మీద ముదురు చారలుండి ముక్కు కాస్త పొట్టిగా ఉంటే వింబ్రెల్.

కర్లూ అంటే గుర్తొచ్చింది, వాటిలో సన్నముక్కు కర్లూ అని ఉండేది. దాన్ని అందరూ ఒప్పుకునేలా చివరిసారి చూసింది 1995లో, మొరాకోలో ఒక మొగ దగ్గరి మడుగులో. 2025లో అంతరించిపోయిందని ఐయూసీఎన్ (ప్రమాదంలో ఉన్న జీవుల జాబితా రాసే అంతర్జాతీయ సంస్థ) ప్రకటించింది. ఆ రోజు దాన్ని చూసినవాళ్ళు ఇదే ఆఖరుసారి అనుకుని ఉండరు కదా. అవి గుడ్లు పెట్టే చోట్లు తగ్గాయి, దారిలో ఆగే చిత్తడి నేలలు తగ్గాయి, వేట కూడా. నేను కర్లూ గుంపు కనిపిస్తే ప్రతి ముక్కూ చూసే వస్తా.

ఒంటికాలి పిట్టకి భయపడకండి. నిద్రలో కాలు పొట్ట ఈకల్లో దాచుకుంటే వేడి పోకుండా ఉంటుంది, ఈకల్లేని చోటు కాళ్ళూ ముక్కే కదా, అందుకే ఒకటి పొట్టలోకి, ఇంకోటి వీపు మీదికి. పక్కది తోసినా రెండో కాలు దించడానికి బద్ధకించి గెంతుతూ జరుగుతాయి, చూసినవాళ్ళందరూ కుంటిదనే అనుకుంటారు మొదట. రెండు ఆదివారాలూ చూసింది ఒకే పిట్ట కాకపోవచ్చు. బూడిదరంగు, పెద్ద కన్ను, పొట్టి ముక్కు అయితే నాకు గ్రే ప్లవర్ అనిపిస్తోంది. రుజువు ఒక్కటే, ఎగిరినప్పుడు రెక్క కింద ఒంటికి కలిసే చోట, అంటే చంకలో, నల్లటి మచ్చ ఉండాలి. గోల్డెన్ ప్లవర్‌కి అది ఉండదు. దాన్ని చూడ్డం కోసం లేపకండి మరి, పోటు తిరిగాక వాటంతటవే ఎగురుతాయి.

బైనాక్యులర్స్ 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేవి, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) ఉంటే చాలండి మొదటి రెండు మూడేళ్ళు, తర్వాత తప్పదు అనిపిస్తే 20 నుంచి 60 రెట్ల దాకా జూమ్ అయ్యే టెలిస్కోప్. పొద్దెక్కాక బురద మీద వేడి ఆవిరాడుతుంది, ఎంత మంచి గాజైనా అన్నీ వణుకుతూ కనిపిస్తాయి, అందుకని పోటు మధ్యాహ్నం పడే రోజులు నేను వదిలేస్తా.

ఉప్పుటేరు:

ఉల్లంకి గారు చెప్పిన దాంట్లో ఒక్కటి ఒప్పుకోను, మధ్యాహ్నం పోటు రోజులు వదిలెయ్యక్కర్లేదు. మబ్బు పట్టిన రోజు చూసుకుని వెళ్ళండి, ఆవిరీ ఉండదు, నీడా ఉండదు, రోజంతా ఒకే వెలుతురు. నేను చూసిన మంచి రోజులు చాలావరకు మబ్బు మధ్యాహ్నాలే.

ఉల్లంకి:

మబ్బుంటే ఓకే అండి, ఒప్పుకుంటున్నా. చినుకు పడితే ఇంకా మంచిది, దారిలో పోయేవి కూడా దిగుతాయి.

వేకువపిట్ట:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్, అన్నీ రెండుసార్లు చదువుకుని పోటు టైమ్ చూసుకుని నిన్న వెళ్ళొచ్చా. నిండు పోటు ఎనిమిదిన్నరకి, నేను ఆరుంపావుకల్లా గట్టు కింద గడ్డిలో కూర్చున్నా, ఎండ వెనక. మొదట అన్నీ దూరంగానే, మళ్ళీ ఆవాలే. తర్వాత ఉప్పుటేరు గారన్నట్టే నీళ్ళు కాలవల్లోంచి చప్పుడు లేకుండా ఎక్కుతుంటే బురద సన్నగా చీలికలైపోయింది, ఒక్కో చీలిక మునిగినప్పుడల్లా పదీ ఇరవై పిట్టలు లేచి నా వైపు ఇంకో చీలిక మీద వాలాయి. ఏడున్నరకి స్టింట్లు నాకు పాతిక మీటర్ల దూరంలో ఉన్నాయి, అవి వచ్చాయి, నేను పోలేదు. ఒకదాని కనుబొమ్మ చీలిక కూడా కనిపించింది! బురద మీద అవి నడిచిన చోట మూడు వేళ్ళ ముద్రలు, పక్కనే ముక్కు దిగిన చిన్న చిన్న తూట్లు, వెంటనే వాటిలో నీళ్ళు ఊరి మూసుకుపోవడం, అది చూస్తూనే పది నిమిషాలు గడిపేశా.

ఎనిమిదింటికి అన్నీ దిబ్బ మీదికి చేరాయి. నా ఒంటికాలి పిట్ట కూడా ఉంది, దిబ్బకి కుడి చివర్న, మళ్ళీ ఒంటికాలే, గెంతుడే. మీరెంత చెప్పినా నాకు లోపల దిగులు పోలేదు, దాన్నే చూస్తూ కూర్చున్నా. ఉన్నట్టుండి మొత్తం గుంపు ఒకేసారి తలలెత్తింది, నేను కదిలానేమో అని గుండె జారింది, కానీ అవి చూసింది నా వైపు కాదు, పైకి. పెరిగ్రిన్ డేగ. నాలుగైదొందల పిట్టలు ఒక్క చప్పుడుతో లేచి ముద్దగా దగ్గరకొచ్చి ఒకేసారి తిరిగాయి, తిరిగినప్పుడు అన్నీ తెల్లగా, మళ్ళీ తిరిగినప్పుడు అన్నీ ముదురుగా. డేగ రెండుసార్లు మధ్యలోంచి దూసుకెళ్ళింది, ఏదీ దొరకలేదు, చెట్ల వైపు పోయింది. అప్పుడు గుంపు నా తల మీదుగా వంపు తిరుగుతుంటే పెద్ద పిట్టలు ఆరేడింటికి రెక్కల కింద చంకలో నల్లగా, మసి పూసినట్టు, స్పష్టంగా కనిపించింది. గ్రే ప్లవరేనండి!

అన్నీ మళ్ళీ దిబ్బ మీదే వాలాయి. కుడి చివర్న వాలినదాన్ని పట్టుకుని చూశా బైనాక్యులర్స్‌లో. రెండు కాళ్ళ మీద నిలబడి ఉంది. ఈకలు ఒకసారి విదిలించుకుని, అటూ ఇటూ చూసి, కాసేపటికి ఎడమ కాలు మెల్లగా ఎత్తి పొట్టలోకి దాచేసుకుంది.